బకెట్లో ఇరవై నాలుగు

మూడో అంతస్తు, బాల్కనీ గది
శనివారం, మధ్యాహ్నం

గౌరవనీయులైన తాతయ్యగారికి,

మీ మనవరాలు నమస్కరించి, కోపంతో రాస్తున్నది. కోపం కాబట్టి ‘మీరు’ అనే అంటాను.

నిన్న నేను పనికి వెళ్లగానే, బాల్కనీలో పాత పెయింటు బకెట్‌లోంచి ఇరవై మూడు టమాటా మొక్కల్ని పీకేసింది మీరు. తడిగుడ్డలో చుట్టి మరీ తీసుకెళ్లారట, అమ్మ చెప్పింది. చెత్తలో వేయడానికి అంత మర్యాద ఎందుకండీ?

అవి ఎవరి గింజలో గుర్తు చేయాలా? అమ్మమ్మ పోయేముందు పాత పేపరు మీద ఆరబెట్టి, ‘మంచి పులుపు, దాచాలి’ అని రాసిపెట్టిన పొట్లంలోవి. అతుక్కుపోయిన గింజల్ని గోటితో ఒక్కొక్కటే ఊడదీశాను. ఇరవై నాలుగూ మొలిచాయి. ఇక గింజల్లేవు.

బకెట్‌కి ఒక్కటే ఉంచి, బక్కవి తీసేయమని నా తోటపని పుస్తకంలోనే ఉందని మొన్న దెప్పారు. ఉంది. ఆ పేజీతో నేను ఏకీభవించను. ముందు లేచింది కదా అని ఒకదానికే మట్టంతా రాసిచ్చేస్తామా? అన్నీ సర్దుకుంటాయని నేనంటే, ‘సర్దుకుంటాయే, కానీ కాయవు, మీటరు గుడ్డలో ఇరవై నాలుగు చొక్కాలు కుట్టమంటావేమిటే, కరపత్రం!’ అని నవ్వారు. దర్జీ చేతికి కత్తిరించడం తప్ప ఏం తెలుసని నేను నోరు జారాను. ఆ మాటకు మాత్రం క్షమించండి. మిగతాదానికి తగ్గను.

పండాక ఈ భవనంలో ఇరవై నాలుగిళ్లకీ కాయలు పంచుతానని మెట్ల దగ్గర అందరి ముందూ మాటిచ్చాను. ఎలక్ట్రీషియన్ కూతురు రోజూ వచ్చి అడుగుతోంది. దానికేం చెప్పను?

రేపు ఉదయం ఏడింటికి డాబా మీద సమావేశం. వచ్చి జవాబు చెప్పండి.

ఇట్లు,
మీ మనవరాలు
కరపత్రం అని పిలిస్తే పలకను.

తా.క.: ఈ ఉత్తరం నీ కుట్టుగది తలుపు కింద తోద్దామని వచ్చాను. తలుపు ఓరగా ఉంది. మిషన్ మీద తల వాల్చి నిద్రపోతున్నావు, గోళ్లలో మట్టి. కిటికీ గట్టు నిండా అడుగున సూదితో కన్నాలు పొడిచిన పాలప్యాకెట్లు. లెక్కపెట్టాను, ఇరవై మూడు. ఒక్కోదానిలో ఒక్కో మొక్క, పక్కన అగ్గిపుల్ల, దారంతో వదులుగా ముడి. ప్రతిదానికీ ఒక గుడ్డపీలిక, దాని మీద నీ సుద్దతో ఇంటి నంబరు. ఎలక్ట్రీషియన్ ఇంటిది అన్నిటికన్నా బక్కది. దానికి రెండు అగ్గిపుల్లలు పెట్టావు.

బకెట్‌లో వదిలింది మనింటిదన్నమాట.

తాతయ్యా, సమావేశం ఉంది, విషయం మారింది. అడుగున కన్నం పెట్టిన డబ్బా తలా ఒకటి తెచ్చుకోమని ఇంటింటికీ వెళ్లి చెప్పొస్తాను. పంచాల్సింది నువ్వే. రేపు ఏడింటికి, డాబా మీద.

— నీ కరపత్రం