ఎరుపు చేరని గన్నేరు

ఆదివారం, బందరు

వియ్యపురాలు అవనిగడ్డ నుంచి అరిసెలు తెస్తుందనుకుంటే, వాళ్ళ తాతగారి తోటపని పుస్తకం తెచ్చింది. పాతకాలపు ఇంగ్లీషు పుస్తకం. పూల బొమ్మలు నల్లగీతలతో అచ్చువేసి, రంగులు మాత్రం మనుషులు కూర్చుని చేత్తో దిద్దారు. ఆకుల ఈనెలు చూస్తూ తాగడం మరిచి కాఫీ చల్లార్చుకున్నాను. నా విషయంలో అది చిన్న సంగతి కాదు.

గన్నేరు బొమ్మలో మాత్రం ఆకులు పచ్చగా ఉన్నాయి, పూలకు రంగే లేదు.

"తెల్ల గన్నేరు వదినగారూ, అందుకే వదిలేశారు," అందావిడ. ఆవిడకి సందేహమనేది పుట్టదు.

పెడనలో కలంకారీ పని చూసుకునే మనవరాలు నవ్వింది. "మా షెడ్డులోనూ ఇంతే నానమ్మా. ఒక్కో రంగు ఒక్కొక్కళ్ళు వేస్తారు. ఎరుపు వేసే ఆవిడ టీకి లేచుంటుంది."

భూతద్దం పెట్టి చూశాను. ఒక రేకు అంచున ఆవగింజంత ఎరుపు. కుంచె ఆనించి తీసేసిన గుర్తు. కాలేజీలో అన్నేళ్ళు బోటనీ చెప్పినా ఇంత సంబరపడలేదు.

"అది మరక," అంది వియ్యపురాలు. "కాదంటే మీరే ఎరుపు వేసి చూపించండి." పుస్తకం నా ఒళ్ళో పెట్టేసింది. కాఫీ గ్లాసు అందిస్తుంటే నా చెయ్యి వణకడం ఆవిడ కంటపడిందేమో.

రేపు పెరట్లో ఎర్ర గన్నేరు కోసి ఎదురుగా పెట్టుకుంటాను. ముందు చిత్తుకాగితం మీద వేసి చూస్తాను. చెయ్యి నిలిస్తే సరే. నిలవకపోతే, అది తెల్ల గన్నేరేనని ఆవిడతో ఒప్పుకోవాలి. అంతకంటే నా చెయ్యి వణుకుతోందని ఒప్పుకోవడమే సులువు.