గాలి చెప్పే పని

తమ్ముడు చిన్నపోలయ్యకి,

ఫోన్లో చెబితే నవ్వుతావని రాస్తున్నా. ఇంత దూరం ఎవరొస్తారు, మన ఇసకదిబ్బల మీది గోల్ఫ్ క్లబ్బు మూసేస్తారనుకున్నాం కదా! నిన్న పొద్దున చెన్నై నుంచి నలుగురొచ్చినారు. కొట్టిన బంతులన్నీ గాలికి సముద్రంలోకే పోయినాయి. గడ్డి కోస్తున్న నేను, ఇన్నేళ్ళు చేపలు ఎండబెట్టినదాన్ని, ఉండబట్టలేక, "సార్, కాస్త ఆగండి. నీళ్ళమీద ఆ నల్లచార ఒడ్డుకొస్తే గాలి ఇటు మళ్ళుతాది" అన్నా. వాళ్ళలో పెద్దాయన ఆగి కొట్టినాడు. బంతి గుంటలో పాతిన జెండా పక్కనే పడింది!

గాలి చెప్పేవాళ్ళుంటే వచ్చే నెల ఇరవై మందితో వస్తారంట. మనవాళ్ళని నలుగుర్ని తీసుకురమ్మని మేనేజరు నాకే చెప్పినాడు. పడవ అమ్మేసి తడ ఊళ్ళో కంపెనీలో చేరినావే, ఆ గోడల మధ్య గాలి ఎటునుంచి తోలుతుందో తెలుస్తా ఉందా నీకు?

మీ అక్క