శనివారం పియాయా

ఇలోయిలో,
జూన్ 9

మరిలూకి,

నాన్న ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను. సెబూలో నువ్వూ పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ వానలు పట్టాయి. తడుస్తుందని అమ్మ కుట్టుమిషను కిటికీ దగ్గర నుంచి జరిపాను. ఖాళీ చోటు చూడలేక మళ్ళీ అక్కడే పెట్టి పట్టా కప్పాను.

నువ్వు చెప్పినట్టే నీ పెళ్ళి కేసుకి లాయరును కుదిర్చాను. అటార్నీ దుమారన్. చిన్న వయసు, మాట సూటి.

"మన దేశ చట్టంలో విడాకులు లేవని మీకు తెలుసు కద సార్. అసలు పెళ్ళే చెల్లదని తేల్చాలి. కాపురం చేసే మానసిక స్థితి మీ అమ్మాయికి మొదట్నుంచీ లేదని, దానికి మూలం చిన్నతనంలోనే ఉందని చెప్పే సాక్షి కావాలి. ఇంట్లోవాళ్ళయితే మేలు" అంది.

"మిగిలింది నేనొక్కణ్ణే."

"అయితే మీరే."

పాప సంగతి అడిగావు. ఏడేళ్ళలోపు పిల్ల మామూలుగా తల్లి దగ్గరే ఉంటుందట.

వారం తర్వాత అటార్నీ నా వాంగ్మూలం రాసి నా ముందు పెట్టింది. నువ్వు చెప్పిన సంగతులే. నీ తొమ్మిదో ఏట అమ్మ నిన్ను చెప్పుతో కొట్టడం, వానలో గుమ్మం బయట నిలబెట్టడం. నువ్వు అబద్ధం చెప్పలేదు. అయినా పెన్ను మూత తీయలేకపోయాను.

"పోయినవాళ్ళని కోర్టు ఏమీ చెయ్యదు సార్" అంది.

"తెలుసు. ఇందులో ఒక మనిషి తక్కువ, అటార్నీ" అన్నాను.

పోయిన ఉత్తరంలో ఇంకొకటి అడిగావు. బకోలోడ్‌లో చక్కెర మిల్లు పనికి వెళ్ళినప్పుడు శనివారం శనివారం నేను పంపిన పియాయా, ఆ బెల్లం కూరిన రొట్టె, ఇంకా అలాగే ఉంటుందా అని. అలాగే ఉంటుంది. ఆ పెట్టె తాడు నువ్వు జడకి కట్టుకునేదానివని అమ్మ చెప్పేది.

నేను ఒక్కటీ పంపలేదు, తల్లీ. మిల్లు పని రెండు నెలల్లో అయిపోయింది. తక్కిన ఎనిమిది నెలలూ అక్కడే మరొకామె ఇంట్లో ఉన్నాను. తిరిగి వచ్చిన రోజు అమ్మ, "చేతులు కడుక్కో, అన్నం చల్లారిపోతోంది" అంది. తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

పియాయా సంగతి అమ్మ పోయాకే తెలిసింది. చివరి చూపుకి వచ్చిన పాసింగ్, ఇక్కడి రేవులో పియాయా కొట్టు ఆవిడ, చెప్పింది.

"మీ ఆవిడ తక్కువది కాదు సారూ. శనివారం శనివారం నా దగ్గరే పెట్టె కొని, 'బకోలోడ్ అచ్చు పైకి కనబడేలా కట్టవే, పిల్ల చదువుతుంది' అని నా ప్రాణం తీసేది. 'పంపనోడి పేరు నువ్వెందుకే మొయ్యడం?' అంటే, 'మోసేది వాడి పేరా? పిల్లకి నాన్నని' అనేది."

అమ్మ నిన్ను కొట్టింది ఆ నెలల్లోనే. అంతకుముందు కొట్టలేదు, తర్వాతా కొట్టలేదు.

ఆ ఎనిమిది నెలల సంగతీ చేర్చి వాంగ్మూలం తిరిగి రాయించాను.

"కేసుకి ఇది బలమే సార్. కానీ అవతలి లాయరు నలుగురిలో అన్నీ అడుగుతాడు. ఆ బకోలోడ్ ఆమె పేరుతో సహా."

"అడగనివ్వండి."

సంతకం చేశాను. నకలు నీకు ఆఫీసు నుంచి వస్తుంది. అంతకుముందే ఈ సంగతి నా చేతిరాతలో చదవాలని రాస్తున్నాను.

నిన్న రేవుకి వెళ్ళి ఒక పెట్టె కొన్నాను. దీనితో పాటు పంపుతున్నాను. అచ్చు పైకి కనబడేలా పాసింగే కట్టింది. ఇది మాత్రం నేను పంపిందే.

ఇట్లు,
నీ నాన్న
క్రిసాంతో