ప్లాంటు లెక్కలో తమ్ముడి చదువు

భిలాయి, సెక్టర్ 2

అప్పకి, నీ చెల్లెలు లక్ష్మి నమస్కరించి రాస్తున్నది.

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులు కూడా ఉంటాయి, ఏమీ అనుకోకు. ఏడో తరగతి తర్వాత కలం పట్టింది తక్కువ. ఫోన్ చేద్దామంటే ఈ రెండు గదుల క్వార్టర్లో ఏ మాటైనా అందరికీ వినబడుతుంది. అత్తయ్య గుడికి వెళ్ళిన వేళ చూసి రాస్తున్నాను. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారా? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఇక్కడ మేమంతా బాగున్నాం. నా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మకి చెప్పు.

ఎండలు మండిపోతున్నాయి. తీగ మీద చీర ఆరేస్తే తీసే సరికి ఎర్ర దుమ్ము పడుతోంది. పక్కింటి దీదీ ఇక్కడి ఆకుకూరలు వండటం నేర్పింది, తింటున్నాను. అందరూ హిందీలో నవ్వుకుంటూ ఉంటే నేను మాత్రం కాస్త ఆలస్యంగా నవ్వుతాను. బాగానే ఉన్నానులే.

తమ్ముడికి ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ఇంజనీరింగు సీటు వచ్చింది కదా. బ్యాంకు అప్పుకి మా ఆయన జామీను సంతకం పెట్టాలని, వచ్చే నెలలో కాగితాలతో బయల్దేరుతున్నానని నాన్న ఫోన్ చేశాడు. "నీ మరిది కిశోర్ అదే సదివేడు కదమ్మా. ఆ అప్పు గిట్టుబాటయిందో లేదో కనుక్కో" అన్నాడు. అప్పటినుంచి కనుక్కుంటున్నాను. కనుక్కునే కొద్దీ అయోమయంగా ఉంది.

ముందు మావయ్యని అడిగాను. ఆయన ఇక్కడి ఉక్కు ప్లాంటులోనే పనిచేసి రిటైరయ్యారు కదా.

"కిశోర్‌కి అప్పు సేసినప్పుడు నేనూ లెక్కేసేనమ్మా. వచ్చే జీతంలో కిస్తీ పోగా నా జీతం కంటే ఎక్కువే మిగిలింది" అన్నారు.

అత్తయ్య వంటింట్లోంచి అందుకుంది. "మిగలదేటి మరి? ప్లాంటు క్వార్టర్లో పడుకుని, ప్లాంటు ఆసుపత్రిలో మందులు మింగి, ప్లాంటు బడిలో పిల్లల్ని సదివించినోడివి. లోకంలో ఇంటద్దె అనేదొకటుంటాదని నీకెప్పుడు తెలిసింది?"

మావయ్య పేపరు అడ్డం పెట్టుకున్నారు.

అదే జరిగిందట. కిశోర్‌కి బెంగళూరులో అనుకున్న జీతమే వచ్చింది. కానీ గది అద్దె, తిండి పోగా కిస్తీకి మిగల్లేదు. ఏడాది పాటు ఆ కిస్తీ మా ఆయన కట్టారు. ఇప్పుడు కిశోర్ రాయపూర్‌లో తక్కువ జీతానికి చేస్తూ, రోజూ లోకల్ రైల్లో వెళ్ళొస్తూ, ఇంట్లో తింటూ తన కిస్తీ తనే కట్టుకుంటున్నాడు.

అయితే ఆ చదువు దండగేనా అని కిశోర్‌నే అడిగాను. నవ్వాడు. "జీతం పడిన రోజు అడుగు వదినా, కాదంటాను. కిస్తీ కట్ అయిన రోజు అడిగితే దండగే అంటాను." తర్వాత నెమ్మదిగా అన్నాడు, "పని మాత్రం నాకిష్టం. అదే లేకపోతే ఈపాటికి వదిలేద్దును. నీ తమ్ముడికిష్టమా, అందరూ తీసుకుంటన్నారని తీసుకుంటన్నాడా?"

మనలో ఎవరమైనా వాడిని అడిగామా అప్పా?

పోనీ ఐటీఐ చాలనుకుందామంటే, దీదీ కొడుకు అదే చదివాడు. పైసా అప్పు లేదు. ప్లాంటులో కాంట్రాక్టు పని. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పని ఉంటుందో ఊడుతుందోనని దీదీ కొబ్బరికాయ మొక్కుకుంటుంది.

మా ఆయన్ని అడిగితే తేలిగ్గా తేల్చేశారు. "సంతకమే కదా, పెట్టేస్తాను."

"వాడు కట్టలేకపోతే?"

"నేను కడతాను. కిశోర్‌కి కట్టలేదేటి?"

ఆ తేలికే నాకు భయం. ఈయన కిశోర్ కిస్తీ కట్టిన ఏడాదే మా పెళ్ళయింది. సెలవు రోజుల్లో కూడా ఈయన డ్యూటీకి వెళ్ళిపోయేవారు. నేనంటే ఇష్టం లేక ఇంట్లో ఉండటం లేదనుకుని నీకు ఫోన్ చేసి ఏడ్చాను, గుర్తుందా? ఆ కిస్తీ డబ్బు కోసం ఓవర్‌టైం చేసేవారని నాకు ఈ వారమే తెలిసింది.

అందుకని ఒక పని చెయ్యి. నాన్నతో తమ్ముడిని కూడా పంపించు. కిశోర్ పక్కన కూర్చుని ఆ పని ఎలా ఉంటుందో చూస్తాడు, ఆ రైల్లో ఒకసారి రాయపూర్ వెళ్ళొస్తాడు. ఇష్టమే అంటే, అక్కడ మనింటి నుంచి వెళ్ళొచ్చే కాలేజీలో సీటు దొరుకుతుందేమో, అప్పు తగ్గుతుందేమో చూద్దామని కిశోర్ అంటున్నాడు. తమ్ముడి నోటి మాట విన్నాకే సంతకం. ఇది నా మాటగా కాక నీ మాటగా నాన్నకి చెప్పు.

వీలైతే వాళ్ళతో ఎండు మెత్తళ్ళు పంపు, ఇక్కడి ఎండుచేపలు రుచిగా లేవు. అమ్మకి, నాన్నకి, బావకి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. మీ దీవెనలు మా ఇద్దరి మీదా ఉండాలి.

చదవగానే దీన్ని పొయ్యిలో పెట్టెయ్యి అప్పా. ఆయన ఆ సంతకం పెట్టకుండా ఉంటే బాగుండునని నాకు అనిపించిందని తమ్ముడికి ఎప్పటికీ తెలియకూడదు. వాడు చదువుకోవాలని కూడా అంతే ఉంది.

ఇట్లు,
నీ చెల్లెలు
లక్ష్మి