పోస్టర్‌లో ఆడమనిషి

న్యూఆర్క్,
అక్టోబరు 1983

ఆనందబాబు అన్నయ్యకి నీ చెల్లెలు దీనమ్మ వందనాలు.

ప్రభువు దయవల్ల మేమిద్దరం కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావని నీ ఉత్తరమే చెబుతోంది. ఒంట్లో బాగోలేని మనిషి అంత గట్టిగా తిట్టలేడు. వదిన మోకాళ్లకి మాత్రలు పోస్టులో పంపుతున్నాను. ఇక్కడి మన ప్రార్థన కూడిక పెద్ద సత్యానందం గారి చేతికివ్వను. ఆయన మా ఇంటి కబుర్లు నీకు మోసింది చాలు.

నా భర్త ఇంకా ఆ సారాకొట్టు పాటలే పాడుతున్నాడా అని అడిగావు. పాడుతున్నారు. ఆయన పాట మొదలైంది సారాకొట్టులో కాదు, ఇక్కడి బాప్టిస్టు చర్చిలో. వెస్లీ, హార్లన్ అని ఇద్దరు కుర్రాళ్లు. హార్లన్‌ది పై గొంతు, ఈయనది కింది గొంతు. 1956లో రికార్డు ఇచ్చారు. ఆ ఏడాది ఏ రేడియోలో విన్నా వీళ్ల పాటే. దక్షిణాది ఊళ్లకి వెళ్తే హాల్లో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య తాడు కట్టేవారట. పాట అయ్యాక ఏ హోటల్లోనూ గది ఇవ్వక కార్లోనే పడుకునేవారట. నువ్వు పరిశుద్ధత గురించి రాసిన పేజీ చదువుతుంటే ఆ తాడే గుర్తొచ్చింది.

తర్వాత కొత్త బ్యాండ్లొచ్చాయి, వీళ్ల రికార్డులు ఆగిపోయాయి. ఆయన సిటీ బస్సు డ్రైవరయ్యారు. వాళ్లమ్మ నేను నర్సుగా చేసే వార్డులో ఉన్నప్పుడే నాకు పరిచయం. మా పెళ్లికి నువ్వు రాలేదు. ఆ సంగతి ఇప్పుడు ఎత్తను.

మొన్నమొన్న పాత పాటల షోలకి మళ్లీ గిరాకీ వచ్చింది. ఇద్దర్నీ పిలిచారు. మా ఇంటి హాల్లోనే ప్రాక్టీసు. ఒక్కరోజూ సామరస్యంగా జరగలేదు. మార్చిలో ఫిలడెల్ఫియా షోకి నేనూ వెళ్లాను. మేకప్ గదిలో మైకు దగ్గర ఎవరు నిలబడాలన్న దాని మీద రేగింది.

"జనం వచ్చేది నా గొంతు కోసం. నీ వంతు ఎవరైనా పాడతారు" అన్నాడు హార్లన్.

"అయితే ఎవరినైనా తెచ్చుకో" అన్నారు ఈయన.

హార్లన్ కోటు తీసుకుని, కారెక్కి వెళ్లిపోయాడు. ఇద్దరు లేకపోతే స్టేజీ లేదన్నాడు షో మేనేజరు. ఈయన కుర్చీలో కూలబడి బూట్ల లేసులు విప్పుకోవడం మొదలుపెట్టారు. నేను చూడలేకపోయాను.

సత్యానందం గారు ఎడిసన్‌లో ఏదో కొట్టు అద్దానికి అంటించిన పోస్టర్ చూశారట. నీ బావమరిది పక్కన మెరుపుల గౌనులో, విగ్గు పెట్టుకున్న ఆడమనిషి. "ఎవర్తె అది? వాణ్ణి వదిలేసి గుంటూరు వచ్చెయ్" అని రాశావు. ఇన్నాళ్లూ నీకు చెప్పనిది ఇదే.

అది నేనే.

ఫిలడెల్ఫియాలో ఆ రోజు హార్లన్ బదులు నేనే స్టేజీ ఎక్కాను. గౌను ఇంకో పాటగత్తె ఇచ్చింది, నడుం దగ్గర పిన్నీసులు. ఈయన హార్లన్ గొంతు ఎత్తుకున్నారు, నేను ఈయన గొంతు. మనూరి క్వయర్‌లో కింది గొంతు పాడినదాన్నే కదా. స్టేజీ ఎక్కగానే "హార్లన్ ఏడి? ఈవిడెవరు?" అని కేకలు. ఎవడో పేపరు కప్పు విసిరాడు. ఈయన నా వైపు తిరిగి, జనాన్ని చూడకుండా, నాతోనే పాడారు. రెండో పాటకి కేకలు తగ్గాయి. చివరికి అందరూ లేచి నిలబడ్డారని రాస్తే అబద్ధమవుతుంది. కూర్చునే చప్పట్లు కొట్టారు.

తర్వాత చాలా చోట్ల పాడాం. సత్యానందం గారు చూసిన దాని మీద లేదు గానీ, కొత్త పోస్టర్ల మీద ఇప్పుడు నా పేరుంది. ఈయన మళ్లీ ఆ పాటలు పాడుతున్నారని మన తెలుగు కూడికలో నన్ను ఎప్పుడో క్వయర్ నుంచి తీసేశారు. తీసేసింది సత్యానందం గారే, నువ్వు చెప్పినందుకే. మూడు వరసల అవతల నుంచి నా గొంతు ఏడేళ్లు విన్న మనిషి నా మొహం పోల్చుకోలేకపోయాడు.

ఇక్కడి సువార్త మహాసభలకి వస్తున్నానని, ఎయిర్‌పోర్ట్‌కి నన్ను ఒక్కదాన్నే రమ్మని రాశావు. నువ్వు దిగే శనివారం అట్లాంటిక్ సిటీలో మా ఇద్దరికీ ప్రోగ్రాం ఉంది. నేను రాను. సత్యానందం గారిని రమ్మను.

ఇట్లు,
నీ చెల్లెలు,
దీనమ్మ వెస్లీ