నాలుగు నిమిషాల ప్రసంగం

చిరంజీవి పెద్దాడికి అమ్మ ఆశీస్సులు. మోకాలు ఒక్కటి తప్పిస్తే నేను ఇక్కడ కులాసాగానే ఉన్నాను. మీరు ముగ్గురూ కులాసా అని తలుస్తాను అంటూ ఈసారి ఊరికే రాయలేకపోతున్నాను. అలా ఉండాలని మాత్రం గట్టిగా కోరుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. నిన్న మీ ఆవిడ ఉత్తరం కూడా వచ్చింది. ముందు నీకు జవాబు. శాసనసభవాళ్ళు నెలనెలా అచ్చువేసే పట్టికలో నా వరస చూసి, "ఓట్లు నలభై ఒకటి, అన్నీ అవునని వేసినవే, ప్రసంగాలు సున్నా, ఏమిటమ్మా ఇది?" అని ఎకసెక్కం చేశావు. ఒరే, ఆఖరి వరసలో స్తంభం పక్కన కూర్చునే మనిషి దగ్గర అంతకన్నా ఏముంటుంది? ముందు వరసలో మా విప్ ఉంటాడు, ఎవరు ఎటు ఓటెయ్యాలో పార్టీ తరఫున చెప్పేవాడు. వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి చిటికె వేస్తాడు. ఒక చిటికెకి పచ్చ మీట, రెండు చిటికెలకి ఎర్ర మీట. రెండో చిటికె నేనింతవరకూ వినలేదు. నా పక్క సీటులో మందుల షాపాయన కళ్ళు తెరుచుకునే నిద్రపోతాడు, అయినా అతని వేలు సరైన మీట మీదకే వెళ్తుంది.

ఈ నెల పట్టికలో ఆ సున్నా ఉండదు. నాలుగు నిమిషాలు మాట్లాడాను, మీరంతా రేడియోలో విన్నారట. మీ ఆవిడ మురిసిపోతూ రాసింది. జలాశయం నిండా నింపుతారన్న వార్తకే కట్ట కింద మీ క్వార్టర్లలో ఇరవై రెండు ఇళ్ళవాళ్ళూ సామాన్లు కట్టుకున్నారట. నా ప్రసంగం విన్నాక మూటలు విప్పేశారట. "అత్తయ్యా, మీ మాటతో అందరికీ ప్రాణం లేచొచ్చింది" అంది. అది చదివి ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పి చూశాను. ఇరవై రెండు అనే ఉంది.

నీకు తెలిసిన సంగతే అయినా బిల్లు గురించి మళ్ళీ రాస్తున్నాను, ఎందుకో చివరికి నీకే తెలుస్తుంది. అందులో ఉన్నవి రెండే విషయాలు. బయటి నిపుణులు ఏటా వచ్చి మీ మట్టికట్టను పరీక్షించే పద్ధతి ఇక అయిదేళ్ళకోసారి. ఈ వానాకాలం నీళ్ళు పూర్తి మట్టం దాకా నింపడం. మా పార్టీలోనే పాతికమంది దాకా ఊగిసలాడారు. చిటికెలతో పని జరగదని విప్‌కి అర్థమైంది. మంగళవారం క్యాంటీన్‌లో నాకో టీ తెచ్చిపెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"మేడమ్, మీరు ఇరవయ్యేళ్ళు కాన్పుల ఆసుపత్రిలో నర్సుగా చేశారు. భయపడేవాళ్ళకి ధైర్యం చెప్పే గొంతు మీది. పైగా మీ అబ్బాయి ఉద్యోగం ఆ కట్ట మీదే. మీరు చెబితే నమ్ముతారు."

"ఏం చెప్పాలి?"

"మీకు భయం లేదని చెప్పండి, చాలు."

చెప్పాను. వాళ్ళు రాసిచ్చిన కాగితం చదివి, చివర నా సొంతంగా ఒక మాట కలిపాను. "నా కొడుకు ఆ కట్ట మీద నడుస్తాడు. నా మనవరాలు దాని కింద నిద్రపోతుంది. నాకు లేని భయం మీకెందుకు?" అన్నాను. సభంతా బల్లలు చరిచారు. బిల్లు పదకొండు ఓట్ల తేడాతో నెగ్గింది. మందుల షాపాయన నిద్రలేచి మరీ అభినందించాడు.

ఇప్పుడు నువ్వు అడగని ప్రశ్నకు జవాబు. నీ ఉత్తరం నాకు ప్రసంగం తర్వాత అంది ఉంటుందని నీకు నువ్వే సర్దిచెప్పుకుని ఉంటావు. కాదు నాన్నా. సోమవారం ఉదయమే అందింది. రెండుసార్లు చదివాను. కట్ట అడుగున ఊట ఎప్పుడూ ఉండేదే, నీళ్ళు తేటగా ఉన్నంతకాలం పరవాలేదని ఓసారి నువ్వే సీసాలో పట్టి చూపించావు. రంగు తిరిగిందంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే అన్నావు. ఎకసెక్కాలన్నీ అయ్యాక ఉత్తరం చివర నాలుగే వాక్యాలు రాశావు. ఊట మట్టిరంగు తిరిగింది. సీసా అడుగున రోజురోజుకీ ఎక్కువ పేరుకుంటోంది. పెద్ద ఇంజనీరు మాత్రం రిజిస్టరులో తేట అనే రాయమంటున్నాడు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదమ్మా.

ఆ నాలుగు వాక్యాలూ చేతిసంచీలో పెట్టుకునే నిలబడి మాట్లాడాను. ఎందుకంటే క్యాంటీన్‌లో నేనూ ఒకటి అడిగాను, మా అబ్బాయిని అక్కణ్ణించి బదిలీ చేయించగలరా అని. "అదెంత పని, వారంలో ఉత్తర్వు మీ చేతిలో ఉంటుంది" అన్నాడు. నావాళ్ళు ముగ్గురూ బయటపడితే చాలనుకున్నాను. మిగతా ఇళ్ళ సంగతి తట్టలేదని అబద్ధమాడను. తట్టింది, తట్టాకే మాట్లాడాను. కాన్పు కష్టమని తెలిసీ భయపడొద్దమ్మా అని ఎంతోమందికి చెప్పాను. అప్పుడు పక్కన డాక్టరు ఉండేవాడు.

ఉత్తర్వు ఈ ఉదయం సభలో ఉండగా చేతికొచ్చింది. కవరులో పెట్టాను, చూడు. నీ పేరు, హోదా, కొత్త చోటు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆఖరి వాక్యం చదువు. "జలాశయం పూర్తి మట్టానికి నిండిన మీదట వీరిని ప్రస్తుత విధుల నుంచి విడుదల చేయవలెను." అది పట్టుకుని విప్ దగ్గరికి వెళ్ళాను.

"నింపేటప్పుడు అనుభవమున్న మనిషి కట్ట మీద ఉండొద్దా మేడమ్? అయినా మీకు భయం లేదన్నారుగా," అన్నాడు. అతని మొహంలో నవ్వు కూడా లేదు.

నా సీటు దగ్గరికి వచ్చి, మాట్లాడతానని చెయ్యెత్తి నిలబడ్డాను. అధ్యక్షులు నా వైపు చూడలేదు. నలభై నిమిషాలు అలాగే నిలబడ్డాను. మైకు దీపం వెలగలేదు. చివరికి మైకు లేకుండానే ఊట రంగు తిరిగిందని అరిచాను. ముందు వరసల్లో ఒక్క తల తిరగలేదు. "ఇక్కణ్ణించి ఎవరికి వినపడుతుందండీ, కూర్చోండి" అని మందుల షాపాయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. సభ ముగిశాక నడవాలో అంటించిన ఇవాళ్టి పట్టిక చూశాను. నా పేరు ఎదుట హాజరు అని ఉంది, ప్రసంగం లేదు అని ఉంది.

ఫోన్ చేద్దామంటే మీ అందరికీ కలిపి ఉన్న ఒక్క ఫోనూ పెద్ద ఇంజనీరు బల్ల మీదే ఉందాయె. ఈ ఉత్తరం సాయంత్రం బస్సు డ్రైవరుకి ఇస్తున్నాను, రేపు మధ్యాహ్నానికల్లా నీ చేతిలోనే పెడతానన్నాడు. రేపు ఉదయం నీ ఉత్తరం తీసుకుని పత్రికాఫీసుకి వెళ్తున్నాను. నీ ఉద్యోగం పోవచ్చు, నా సీటు పోవచ్చు. ఇక్కడ రెండు రోజులుగా వాన తెరిపివ్వలేదు. పూర్తి మట్టానికి ఇంకా నాలుగడుగులే ఉందని రేడియోలో సంతోషంగా చెబుతున్నారు.

నన్ను తిట్టుకోవడం తర్వాత, నాన్నా. ముందు మీ ఆవిడనీ పాపనీ గుట్ట మీది బడికి పంపించు. ఆ తర్వాత ఈ ఉత్తరం పట్టుకుని ఇరవై రెండు ఇళ్ళకీ వెళ్ళి మొదటి నుంచి చదువు. బదిలీ సంగతి సిగ్గుపడి దాటెయ్యొద్దు, అది వింటేనే తక్కినది నమ్ముతారు. నా మాట విని మూటలు విప్పారు కదా, మళ్ళీ కట్టమన్నది కూడా నేనేనని చెప్పు.

ఇట్లు,
నిజంగా భయపడుతున్న
మీ అమ్మ