బడంతా మా ఇంటి కోసం

నవంబర్ 3, సోమవారం

స్టాఫ్ అందరూ డైరీ రాయాలట. మా కాన్వెంట్ బడి హెడ్‌మిస్ట్రెస్ పెద్ద సిస్టర్ ఆర్డర్. ఈ టర్మ్ అంతా ఫ్యామిలీ వెల్‌బీయింగ్ అట, మనసులో ఉన్నది కాగితం మీద పెడితే బీపీ తగ్గుతుందట. ఎవరికీ చూపించక్కర్లేదన్నారు కాబట్టి రాస్తున్నాను. నా మనసులో ఉన్నది ఇదీ: మా అత్తగారూ నేనూ మాట్లాడుకోవడం లేదు.

రాశాను. బీపీ ఏమీ తగ్గలేదు.

నవంబర్ 4, మంగళవారం

సిస్టర్ స్టాఫ్‌రూమ్ గోడకి పోస్టర్ అంటించారు. ఇంట్లో మెల్లగా మాట్లాడండి, అని. మా ఇంట్లో మెల్లగా ఏమిటి, అసలు మాటే లేదు.

సరే, మొదలెక్కడో రాసేస్తాను. మా అత్తగారు ఈ బడిలోనే రెండో తరగతి టీచర్. రిటైర్ అయ్యేదాకా అదే గది, అదే బోర్డు. ఇప్పుడు ఆ గది నాది. పోయిన నెల ఓపెన్ డే రోజు గది నిండా పేరెంట్స్. నేను కూడికలు బోర్డు మీద రాసి, పిల్లలకి ఎలా చెబుతామో చూపిస్తున్నాను. ఆవిడ వెనక బెంచీలోంచి లేచొచ్చి, డస్టర్ తీసుకుని, నేను రాసిందంతా తుడిచేసి, అవే లెక్కలు మళ్లీ రాశారు. ముత్యాల్లా. పేరెంట్స్ చప్పట్లు కొట్టారు. కొట్టరా మరి, సగం మంది ఆవిడ దగ్గర చెవి మెలేయించుకున్నవాళ్లే.

ఇంటికొచ్చాక ఒంటికాలి మీద లేచాను. ఆ గదిలో మీకింక పని లేదన్నాను. ఆవిడ సరే అన్నారు. అదే ఆఖరి మాట.

అప్పటినుంచి మా ఇద్దరికీ రాయబారి నా కూతురు. ఆరేళ్లు, ఒకటో తరగతి, ఇంట్లో పిలిచే పేరు పిడుగు. కూరలో ఉప్పు తక్కువైందని మీ అమ్మకి చెప్పు. ఉప్పు డబ్బా ఎక్కడుందో మీ నానమ్మకి తెలుసు, వేసుకోమని చెప్పు. ఇలా తిరుగుతూ ఉంటుంది పాపం, హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి.

మా ఆయన మాత్రం నిమ్మకి నీరెత్తినట్టు కూర్చుంటారు. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి. ఇల్లు ఇంత చల్లబడినా ఆయనకేం తేడా తెలియదు.

నవంబర్ 6, గురువారం, ఉదయం

పిడుగుకి మళ్లీ కడుపునొప్పి. ఈ వారంలో ఇది మూడోసారి.

అదే రోజు, సాయంత్రం

డాక్టర్ కడుపు నొక్కి చూసి ఏమీ లేదన్నాడు. బడికి వెళ్లడం ఇష్టం లేదేమో అన్నాడు. ఒక టీచర్ మొహం మీద అనే మాటేనా అది? ఇంటికొచ్చాక పిడుగు రెండు ముద్దలు తిని లేచిపోయింది. నొప్పి ఎక్కడే అంటే, మాటలు మోసీ మోసీ వచ్చిందేమో అంది. ఆరేళ్ల దానికి ఆ నాలుక ఎవరిదో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆవిడది.

నవంబర్ 8, శనివారం

ఆవిడ 23వ తారీకు ఆదివారానికి రైలు టికెట్ కొనుక్కున్నారట. మా ఆడపడుచు ఇంటికి. చూసి రావడానికి కాదు, ఇక అక్కడేనట. మా ఆయన గోడవైపు తిరిగి చెప్పారు ఈ సంగతి, గోడే ఏదో ఒకటి చేస్తుందన్నట్టు.

మంచిది. హాయిగా ఉంటుంది.

నవంబర్ 10, సోమవారం

పరువు పోయింది. వివరంగా రాస్తాను, ఇంకెవరికి చెప్పుకోను.

అసెంబ్లీలో మనవుల మైకు నా డ్యూటీ. ప్రార్థన అయ్యాక ఏ పిల్లలైనా ముందుకొచ్చి దేవుడిని ఏం అడగాలో మైకులో చెప్పొచ్చు. నేను దాన్ని మళ్లీ పెద్దగా చెబుతాను, బడంతా కలిసి ప్రభువా మా మనవి ఆలకించు అంటుంది. కుక్కపిల్ల బతకాలి, అన్నయ్య పాసవ్వాలి, ఇలాంటివి. ఈ ఏడాది నేనొక రూల్ పెట్టాను. ఒకసారి అడిగిన మనవి మధ్యలో వదలకూడదు. అడిగినవాళ్లే వచ్చి, తీరింది, థాంక్స్ అని చెప్పేదాకా రోజూ అడుగుతూనే ఉండాలి. పిల్లలకి పట్టుదల రావాలని. సిస్టర్ అప్పట్లో తెగ మెచ్చుకున్నారు. కుక్కపిల్ల కోసం మూడు వారాలు అడిగాం, అది బతికి ఇప్పుడు గేటు దగ్గర అందరి చెప్పులూ కొరుకుతోంది.

ఇవాళ మా పిడుగు వచ్చింది. మైకు అందుకోవడానికి మునివేళ్ల మీద నిలబడింది. మా అమ్మా నానమ్మా మాట్లాడుకోవాలి, నేను అలసిపోయాను, అంది.

మైకు పట్టుకున్నది నేనే. మళ్లీ చెప్పాల్సింది నేనే. సిస్టర్ నన్నే చూస్తున్నారు. చెప్పాను. బడి మొత్తం ఒక్క గొంతుతో ప్రభువా మా మనవి ఆలకించు అంది. రోజూ గొణిగే ఐదో తరగతి వాళ్లు కూడా ఇవాళ గట్టిగా అరిచారు.

నవంబర్ 11, మంగళవారం

నేను తీసిన గోతిలో నేనే పడ్డాను. రూల్ రూలే కదా, ఇవాళ కూడా అడిగాం. పక్కనున్న కొట్లవాళ్లకి కూడా వినపడుతుంది మా మైకు.

సాయంత్రం గేటు తాత, అంటే మా వాచ్‌మన్, తాళాల గుత్తి ఆడిస్తూ అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని పాడాడు. నన్ను కాదట, ఊరికే గుర్తొచ్చిందట. పిల్లల్ని తీసుకెళ్లడానికొచ్చిన ఒక తల్లి నన్ను పక్కకి పిలిచి, వాళ్ల అత్తగారితో తను ఏడాదిన్నర మాట్లాడలేదని, నేను కంగారు పడక్కర్లేదని ధైర్యం చెప్పింది. ఇంకొకావిడ, మా అత్తగారు దేవతని, తనకి ఎక్కాలు నేర్పింది ఆవిడేనని, ఆవిడ ఉసురు పోసుకోవద్దని చెప్పింది. ఇద్దరికీ థాంక్స్ చెప్పాను. పళ్లు నూరుతూనే చెప్పాను.

నవంబర్ 12, బుధవారం

ఇవాళ కూడా.

నవంబర్ 13, గురువారం

ఆవిడకి తెలిసిపోయింది. కూరగాయల కొట్టామె చెప్పిందట. ఆవిడ పిడుగుని కూర్చోబెట్టి ఆ మనవి వెనక్కి తీసుకోమన్నారట. పిడుగు రూల్ చెప్పిందట. ఎవరు పెట్టారే ఆ దిక్కుమాలిన రూల్ అని అడిగారట. అమ్మే, అని చెప్పిందట. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వారట. ఇదంతా పిడుగే వచ్చి చెప్పింది నాకు. దాని నోట్లో నువ్వుగింజ నానదు.

నవ్వితే నాకేం. నేనైతే నవ్వలేదు. కొంచెం నవ్వాను.

నవంబర్ 15, శనివారం

మా ఆయన ఎట్టకేలకి కదిలారు. నాతో విడిగా, వాళ్లమ్మతో విడిగా మాట్లాడారు. పిల్లకి తిండి ఎక్కడం లేదు, ఆవిడ వెళ్లేలోపు దాని ఎదురుగా నాలుగు మంచి మాటలు మాట్లాడితే మీ సొమ్మేం పోయింది, అని. పిల్ల కోసమైతే సరే అన్నాను. ఆవిడా అలాగే అన్నారట.

భోజనాల దగ్గర మొదలుపెట్టాం. అత్తయ్యా, ఇంకొంచెం అన్నం వడ్డించమంటారా అన్నాను. చాలమ్మా, కూర చాలా బాగా కుదిరింది అన్నారు. మీ ఆరోగ్యం ఎలా ఉంది అన్నాను. దేవుడి దయ అన్నారు. పిడుగు ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసింది. నా వైపు చూసింది, ఆవిడ వైపు చూసింది. తర్వాత ముద్ద కంచంలో పెట్టేసింది.

నవంబర్ 16, ఆదివారం

పూజ అయ్యాక చర్చి మెట్ల మీద ఫాదర్ మా ఇద్దరి చేతులూ పట్టుకుని, మాట్లాడుకుంటున్నారట కదా, ఎంతో సంతోషం అన్నారు. ఇద్దరం పళ్లు ఇకిలించాం. ఫాదర్ అటు వెళ్లగానే ఆవిడ నా వైపు, నేను ఆవిడ వైపు చూసుకున్నాం. తేలు కుట్టిన దొంగలు ఎలా ఉంటారో నాకిప్పుడు తెలుసు.

నవంబర్ 17, సోమవారం

మైకు దగ్గర పిడుగుని పిలిచి, నీ మనవి తీరిందా అని అడిగాను. మహా తీయగా అడిగాను. తీరలేదంది. మాట్లాడుతున్నారు కదా అన్నాను. అది మాట్లాడటం కాదంది. పెద్ద సిస్టర్ తనిఖీ ఆఫీసరుతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారంది. మైకు ఆన్‌లో ఉంది.

సిస్టర్ జేబురుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. బడంతా మళ్లీ ప్రభువా మా మనవి ఆలకించు.

ఇంటికొచ్చాక, మరి ఎలా మాట్లాడాలే అని అడిగాను. ఇదివరకటిలా, అంది. ఇదివరకు మేము రోజూ పోట్లాడుకునేవాళ్లం కదే అన్నాను. అవును అలాగే, అంది.

నవంబర్ 18, మంగళవారం

ఒకటో తరగతి టీచర్‌కి నెల ముందే కాన్పు వచ్చింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. బదులు రావాల్సిన టీచర్ వచ్చేదాకా, ఈ వారం రోజులకి వేరే మనిషి దొరకదట. సిస్టర్ ఎవరికి ఫోన్ చేశారో చెప్పనక్కర్లేదు. ఆవిడ రేపటినుంచి వస్తున్నారు. ఒకటికీ రెండుకీ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్ అడ్డం. నా తల ఎత్తు కూడా ఉండదు. సిస్టర్ ఇదంతా అనుకోకుండా జరిగిందంటున్నారు. సన్యాసినులు అబద్ధం చెప్పరని చిన్నప్పుడు నమ్మేదాన్ని.

నవంబర్ 19, బుధవారం

అడ్డం అవతల ఆవిడ గొంతు. ఐదు ఆపిళ్లు ఉన్నాయి, రెండు దొంగ తిన్నాడు, ఎన్ని మిగిలాయి? ఒకటో తరగతి కంటే ముందు నా రెండో తరగతి వాళ్లు మూడు అని అరిచారు. దొంగ ఎవరండీ అని కూడా అడిగారు. నా క్లాసు నన్ను వదిలేసి అడ్డం వైపు తిరిగి కూర్చుంది.

ఒప్పుకోకపోతే పాపం. బాగా చెబుతారు.

నవంబర్ 20, గురువారం

ఆవిడ సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉంది. మందులు, జపమాల, రెండు స్వెట్టర్లు సర్దేశారు. స్నానాల గదిలో ఆవిడ సబ్బు పెట్టె కూడా లేదు. అక్కడ నిలబడి ఖాళీ అర వైపు చూశాను. హాయిగా ఉంటుంది అని రాశాను కదా మొన్న. హాయిగా ఏమీ లేదు. భయమేసింది. సాయంత్రం ఇంటికొస్తే, ఇంత ఆలస్యమేంటని అడిగే మనిషి ఉండదు. అలా అడిగినందుకు విసుక్కోవడానికి నాకూ ఎవరూ ఉండరు. వెళ్లొద్దని చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియడం లేదు. గుమ్మం దాకా వెళ్లి, టీ తాగుతారా అని అడిగి వచ్చేశాను.

నవంబర్ 21, శుక్రవారం

ఇవాళ్టిది కూడా వివరంగా రాయాలి.

మూడో పీరియడ్‌లో నా క్లాసుకి టెస్ట్. అవతల ఆవిడ చప్పట్లతో ఎక్కాలు చెప్పిస్తున్నారు. నా పిల్లలు పెన్సిళ్లు పడేసి వాళ్లూ చప్పట్లు కొడుతున్నారు. అడ్డం చుట్టూ తిరిగి వెళ్లాను. అలవాటు కొద్దీ ముందు బెంచీలో ఉన్న పిడుగుతో, కాస్త మెల్లగా చెప్పించమని నానమ్మకి చెప్పు, అన్నాను. అది రెండు చేతులతో చెవులు మూసుకుంది. కళ్లు కూడా మూసుకుంది.

ఇక నేనే చెప్పాల్సి వచ్చింది. మాకు టెస్ట్ ఉంది అత్తయ్యా అన్నాను. టెస్ట్ రేపైనా పెట్టుకోవచ్చు, పిల్లలకి ఊపు వచ్చింది ఇప్పుడు అన్నారు. టైమ్‌టేబుల్ అనేది ఒకటుంది అన్నాను. ఆ టైమ్‌టేబుల్ రాసింది నేనే అన్నారు. అదే మీ జబ్బు, బోర్డూ మీదే, డస్టరూ మీదే, బడీ మీదే అన్నాను. ఏదీ నాది కాదని నువ్వు చెప్పావుగా, సరే అన్నానుగా, పోతున్నానుగా అన్నారు. గదిలో పని లేదన్నాను గానీ ఇంట్లో లేదన్నానా అని అరిచాను. నాకు ఆ గదీ ఇల్లూ వేరు కాదే, అన్నారు. ఆ గది నీకు రావాలని మోకాళ్ల మీద పడి దేవుడిని అడిగింది నేను, నీ బోర్డు చూడగానే చెయ్యి ఆగలేదు, తప్పే, దానికి అంత మాట అంటావా, అన్నారు. ఇంకెవరైనా అనుంటే తుడిచేసుకునేదాన్ని, నువ్వన్నావు, అన్నారు.

నాకు ఏడుపొచ్చేసింది. ఇంత కోపం ఉంటే అప్పుడే తిట్టొచ్చు కదా, సరే అనేసి నోరు మూసుకోవడమేంటి, నన్నడగకుండా టికెట్ ఎవరు కొనమన్నారు, మీరు వెళ్లడానికి వీల్లేదు, అన్నాను. ఎందుకు వీల్లేదో చెప్పమన్నారు. మీరు లేకపోతే నాకు బాగుండదు, అన్నాను. అంతే వచ్చింది నోట్లోంచి.

ఆవిడ పక్కనున్న పిల్లల కుర్చీలో కూలబడ్డారు. కళ్లు తుడుచుకుని లేవబోతే కుర్చీ కూడా లేచింది. ఒకటో తరగతి అంతా పకపకా నవ్వింది. తల ఎత్తి చూస్తే నా క్లాసు మొత్తం బెంచీలెక్కి అడ్డం మీదినుంచి తొంగి చూస్తోంది. నేను కుర్చీని వెనక్కి లాగాను, అత్తయ్య ముందుకి గుంజుకున్నారు. ఊడింది. అప్పుడు ఇద్దరం నవ్వాం, ఆపుకోలేక.

టెస్ట్ పెట్టలేదు. రెండు క్లాసులూ కలిసి చప్పట్లతో ఎక్కాలు చెప్పాయి.

నవంబర్ 22, శనివారం

సగం రోజు బడి. అసెంబ్లీలో నేను పిలవకముందే పిడుగు మైకు దగ్గరికి పరిగెత్తింది. నిన్న మా అమ్మా నానమ్మా చాలా బాగా పోట్లాడుకున్నారు, నా మనవి తీరింది, థాంక్స్ దేవుడా, అంది. బడంతా చప్పట్లు. గేటు తాత ఈల కూడా వేశాడు. అత్తయ్య ఒకటో తరగతి లైను చివర నిలబడి, లైను సరిగ్గా లేదని పిల్లల్ని కసురుతున్నారు. కసురుతూనే కళ్లు తుడుచుకుంటున్నారు.

నవంబర్ 23, ఆదివారం, మధ్యాహ్నం

టికెట్ క్యాన్సిల్ చేయించడానికి మా ఆయన వెళ్లారు. ముందు దిగొచ్చింది ఎవరని గంట నుంచి వాదించుకుంటున్నాం, అత్తయ్యా నేనూ. ఇద్దరి గొంతులూ వీధి దాకా వినిపిస్తున్నాయి. పిడుగు మా ఇద్దరి మధ్యా పడుకుని గాఢంగా నిద్రపోతోంది.